మళ్లీ మళ్లీ వెనక్కి చూసుకుంట

దేవరకొండ కోర్టులో సోమవారం.
పంకా కిర్రు, బెంచీ గుమస్తా దగ్గు,
వరండాలో ఎవరో పల్లీలు ఒలిచే చప్పుడు.
నా చేతిలో కట్ట: మూడొందల డెబ్బై తొమ్మిది,
నలభై గజాల రాగి తీగ,
అనంతరెడ్డి బత్తాయి తోట బోరుది.

సాక్షి సైదులు అప్పజెప్పినట్టు చెప్పాడు.
"టార్చి కొట్టిన మేడం. వాడు ఉరికిండు.
మళ్లీ మళ్లీ వెనక్కి చూసుకుంట
చెరువు కట్ట మీదికెల్లి ఉరికిండు.
అట్ల చూసినప్పుడే మొఖం కనపడ్డది."
రాసుకున్నారు.
నేనూ అంచున టిక్కు పెట్టుకున్నాను.
గుర్తింపు: సరిపోయింది.

పన్నెండు దాటాక
ముద్దాయి ఈదయ్య మెట్ల మీద కూర్చుని
జొన్నరొట్టె తింటున్నాడు.
కోర్టు కానిస్టేబుల్ జానీమియా
వెనక నుంచి పిలిచాడు, ఈదయ్యా అని.
మెడ తిరగలేదు.
ముందు భుజాలు, తర్వాత నడుము, ఆ తర్వాత కాళ్లు,
ఇరుకు బాటలో ఎడ్లబండి మళ్లినట్టు
మనిషి మొత్తం మళ్లాడు.
చింతపల్లి దిక్కు బోరునీళ్లు
నలభై రెండేళ్లు తాగిన మెడ.

చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయాను.
సాయంత్రం దాకా అక్కడే ఉందట.

ఎవరూ చూడలేదు.
అతని వకీలు న్యాయసేవ వాళ్లు పంపిన పిల్లాడు,
కోటు భుజాల దగ్గర ఇంకా కొత్త.
సైదులును రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు,
రెండూ టార్చి బ్యాటరీల గురించే.
నేనేమీ అబద్ధమాడనక్కర్లేదు.
ఊరకుంటే చాలు.

ఊరకున్న దినం ఒకటుంది నాకు.
మిర్యాలగూడలో, కొలువు కొత్తలో,
కట్ట అడుగున డాక్టరు చీటీ:
ఇది ఎడమచేతివాటం మనిషి కొట్టిన దెబ్బ కావచ్చునని.
అడగలేదు గనక ఇవ్వలేదు.
శిక్ష పడ్డ సాయంత్రం స్టేషనోళ్లు కలాకండ్ పంచారు.
తిన్నాను.
ఆ మనిషి కుడిచేత్తో సంతకం పెట్టడం,
ఒక్కో అక్షరం దిద్దుకుంటూ,
అది మాత్రం పోదు.

ఎస్సైకి చెప్తే నవ్వాడు.
"మా దిక్కా మేడం మీరు, వాని దిక్కా?"
జవాబు వెతుక్కుంటుండగా
అనంతరెడ్డి వచ్చి నిలబడ్డాడు.
అప్పు తెచ్చి దించిన మోటారు. మే నెల.
తొమ్మిది దినాలు నీళ్లు లేక
పిందె పిందెగానే రాలిందట.
"వీడు కాకుంటే మరెవడు?"
తెలియదన్నాను.
సర్కారు వకీలు నోట అట్లాంటి మాట వినలేదేమో,
చాలాసేపు నన్నే చూశాడు,
తీగ నా సంచిలో ఉన్నట్టు.

రెండున్నరకు లేచాను.
"అయ్యా, సైదులును మళ్లీ పిలిపించండి.
ఒక్క ప్రశ్న మిగిలింది."
పిల్ల వకీలు తలెత్తాడు.
జడ్జిగారు కళ్లద్దాలు తీసి
తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నారు.

"ఉరికినోడు తల తిప్పిండా, ఒళ్లంత తిప్పిండా?"
"తలనే మేడం. ఇగో, ఇట్ల."
చేసి చూపాడు సైదులు, పిచ్చుకలాగ.
హాలంతా ఈదయ్య వైపు తిరిగింది.
ఈదయ్య ఎదురుగోడనే చూస్తున్నాడు.
ఇంకెటు చూస్తాడు.

వైద్య పరీక్షకు అర్జీ పెట్టాను. వాయిదా పడింది.
ఎస్సై ఆ నెలంతా నమస్తే పెట్టలేదు.
తీగ ఎవరు కోసుకుపోయారో
అనంతరెడ్డికి ఎవరూ చెప్పలేదు,
ఆయన బాకీ నా మీద అట్లాగే ఉంది.

నల్లగొండ బస్సు మల్లేపల్లి దాటాక
టికెట్టు వెనక ఒక నంబరు రాసుకున్నాను,
మరిచిపోయాననుకున్న మిర్యాలగూడ కేసుది.
రికార్డు గదిలో ఆ కట్ట ఉందో,
చెదలు తిన్నదో.

అడగాలి.