నాలుగే జాగలు

మిర్యాలగూడ, రాత్రి పదకొండున్నర.
మిల్లు ఆగింది గని
చెవులల్ల ఇంకా తిరుగుతనే ఉంది.
కాంట రూముల పాత కంప్యూటరు
పొద్దంత లారీల బరువు చూపెడతది,
రాత్రయితే మాకు గుహలు చూపెడతది.

ఒక్కటే మౌసు. ఐదు పేర్లు.
ఆటల జాగలు నాలుగే.

ముంగట డాలు పట్టి నిలబడేటోడు మట్టయ్య.
బయట గూడ గంతే,
యాభై కిలోల బస్తా మెడ మీద పడ్డా తొణకడు.
విల్లు లచ్చిరాంది,
తండా కాడ పల్లిచేన్ల పందులను తరిమిన చెయ్యి.
మంత్రాలు జానిమియాకు, ఎందుకంటే
తెర మీది ఇంగ్లీషు చదివేది వాడొక్కడే,
ఏ మంత్రం దేన్ని కాలుస్తదో వాడు చెప్తేనే ఎరుక.
నేను దొంగను. తాళాలు తీస్త.
కాంట గుమాస్తకు గంతకన్న ఏం వేషమిస్తరు?

ఐదో పేరు సైదమ్మ.
మిల్లుల చిరిగిన సంచులు కుడతది,
రాలిన గింజలు ఊడ్చి చెరుగుతది.
ఆమె ఎన్నడూ ఆడలే.
గాయాలు మాన్పే మనిషికి ఆ పేరు మేమే పెట్టినం,
పెట్టి, గుడారం కాడ మంట పక్కన కూసోబెట్టినం.
"కొట్టదు, నరకదు, దీనికెందుకు జాగ?"
అన్నది లచ్చిరాం. తలూపింది నేను.

మూడో గుహల రాతిరాక్షసుడు.
పదకొండు సార్లు సచ్చినం.

"ఆరుగురిని పంపనిచ్చే ఆటలు గూడ ఉంటయి" అన్నడు జానిమియా,
"గని మనం పెరిగితే వాని నెత్తురు గూడ పెరుగుతది.
ఎంతమందొచ్చిండ్రో లెక్క జూసుకుంటది ఆట."

మట్టయ్య నవ్విండు.
"గా ఆట రాసినోడు ధర్మాత్ముడు రా.
మా లారీకి గా లెక్కే లేదు.
నలుగురమెక్కినా ఆరుగురమెక్కినా
నాలుగువందల బస్తాలే.
ఆరుగురమైతే నడుము బతుకుతది, కూలి సస్తది.
నలుగురమైతే కూలి బతుకుతది, నడుము..."
అక్కడ ఆపి బీడీ ఎతుక్కుండు.

పోయిన యాసంగిల ముఠాల నుంచి
బిక్షాన్ని తీసేసింది ఆయనే.
గేటు ముంగటి చాయ్ బండి కాడ
బిక్షం ఇప్పటికీ పొద్దుగాలే వస్తడు,
లారీలు లెక్కవెడతడు, పోతడు.
ఆ సంగతి ఎవ్వలం ఎత్తలే.

"సైదమ్మను తీసుకుందాం" అన్నడు మట్టయ్య.
మరి దిగేదెవరు?
మూడు జతల కండ్లు నా దిక్కు.
"తాళాలొస్తే?" అన్న.
"పలగ్గొడతం."

ఇగ నేను మంట పక్కన.
నలభై నిమిషాలు కొట్లాట.
ఆమె ఒక్క దెబ్బ కొట్టలే.
మట్టయ్య ఒరిగినప్పుడల్ల
నెత్తి మీద పచ్చటి అంకె లేసేది,
మల్ల నిలబడేటోడు.
రాక్షసుడు కూలినప్పుడు జానిమియా కేకకు
మిల్లు కుక్క లేచి మొరిగింది.

పొద్దున ఆరింటికి సైదమ్మ వచ్చింది,
దబ్బనం, పురికోస సంచిల వేసుకోని.
"అక్కా, రాత్రి నువ్వే గెలిపించినవ్" అన్నం.
ఎట్ల అని అడగలే.
"నాకెంతొచ్చింది?" అన్నది.
జానిమియా తెర చూసి చెప్పిండు:
నాలుగుల ఒక పాలు, అందరికీ ఒక్కతీర్గ.
"కొట్టినోనికీ కుట్టినదానికీ?"
"ఆ, అక్కా."

దబ్బనంల పురికోస ఎక్కియ్యడానికి
కొస నోట్ల తడుపుకుంట
ఆమె కొద్దిసేపు తెర దిక్కే చూసింది.
ఏ కంపెనీ అన్నట్టు.

బయట హారను. మొదటి లారీ కాంట ఎక్కింది.
ఆట మూసే ముందు చూసిన,
గుడారం కాడ నా పేరు,
పక్కన సున్న.