ఐదో కుర్చీకి వినపడేలా

మంగళ, గురు, శని.
కీల్పాక్కంలో లిఫ్టు పక్కన పొడుగాటి గది.
ఎడమ చేతికి రెండు సూదులు,
కుడి చేతిలో నవల.
ఒంటి బొటనవేలితో పేజీ తిప్పడం
రెండు నెలల్లో నేర్చుకున్నాను.

నాలుగు గంటలు.
నెత్తురు బయటికెళ్ళి, స్నానం చేసి
మళ్ళీ ఇంటికొస్తుంది, తొందరేం లేకుండా.

ఒకప్పుడు నాకు హత్యల నవలలే ఇష్టం.
ఇప్పుడు ఇది:
అతను గొడుగులు బాగుచేస్తాడు.
ఆమె తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఏరుతుంది.
ఏదో కొండ మీది ఊరు, ఎప్పుడూ చినుకు.
నలభయ్యో పేజీలో గొడుగు విరిగింది.
డెబ్బై రెండులో అతను ఆమె పేరు అడిగాడు.
అడిగాడంతే, రసీదు మీద రాయడానికి.
నూట పదమూడులో, ఆమె ఆ రసీదు పారేయలేదని
మనకు తెలిసింది.
అతనికి ఇంకా తెలీదు.

మొదట్లో పెదాలతోనే చదువుకునేదాన్ని.
ఐదో కుర్చీలో ఆదిమూలం గారు,
పెరంబూరులో రైలుపెట్టెలకు ముప్పై మూడేళ్ళు రివెట్లు కొట్టినాయన,
షుగరు కళ్ళు తినేసినాయన,
ఒక గురువారం గోడతో అన్నట్టు అన్నారు:
"కొంచెం గట్టిగా చదివితే తప్పేముందమ్మా?"

అప్పట్నుంచి ఐదో కుర్చీకి వినపడేలా.
ఆరో కుర్చీ కూడా టీవీ తగ్గించింది.

మా అక్క ఫోనులో నవ్వుతుంది.
"రెండొందల పేజీలకు చెయ్యి పట్టుకోవడమా?
ఈలోపు మా ఆఫీసులో రెండు పెళ్ళిళ్ళు, ఒక విడాకులు."
నిజమే అక్కా.
నాదీ పదకొండు రోజుల్లో కుదిరి
పదకొండు నెలల్లో తెగింది.
అతను టీలో ఎన్ని చెంచాల పంచదార వేసుకుంటాడో
చివరిదాకా తెలీలేదు.

నీకు దాహమేస్తే బిందె ఉంది.
నాకు రోజుకు ముప్పావు లీటరు,
మాత్రలతో కలిపి, మజ్జిగతో కలిపి.
మే నెలలో ఒక్క ఐసుముక్కను
అమింజికరై సిగ్నల్ నుంచి ఆస్పత్రి గేటు దాకా
నాలుక కింద దాచి తెచ్చినదాన్ని.
ఆలస్యం రుచి నాకు చెప్పకు.

పైగా ఆ ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు.
అట్ట మీద పిల్లి బొమ్మ చూస్తేనే తెలుసు.
ఇక్కడ ఏ కాగితం తిప్పాలన్నా భయం:
క్రియాటినిన్, పొటాషియం, బిల్లు.
ఆ కాగితాలు తిప్పితే
మహా అయితే వాన పెద్దదవుతుంది.

నూట తొంభై ఆరులో నాలుగోసారి తెచ్చింది గొడుగు.
అతను పుల్లలన్నీ బిగించి
ఒక్కదాన్ని కావాలనే వదులుగా ఉంచాడు.
ఆమె చూసింది.
చూడనట్టే డబ్బులిచ్చింది.
ఆదిమూలం గారు పగలబడి నవ్వారు, చెయ్యి కదిలింది,
యంత్రం గీపెట్టింది.
ఆరోగ్యమేరి సిస్టర్ పరుగున వచ్చి, మీట నొక్కి
"కదలకండి తాతా" అని కోప్పడి
తనూ అక్కడే నిలబడింది, తర్వాతేమిటని.

దిగేముందు ప్రతిసారీ అడుగుతారు:
"ఏమి, ఇంకా చెప్పలేదా వాడు?"
"లేదండీ."
"మంచిది. అయితే శనివారం."
బరువు చూపించుకుని
చెప్పుల కోసం కాలితో తడుముకుంటారు.

ఆఖరి పేజీ నేనెప్పుడో ఇంట్లో చూసేశాను.
మిగిలినవి పద్దెనిమిది.

అందుకే ఈ మంగళవారం,
బయట పూందమల్లి రోడ్డు మోకాలి లోతు నీళ్ళలో ఉండగా,
మొన్న శనివారం చదివిందే మళ్ళీ చదివాను.
అదే గొడుగు. అదే వదులు పుల్ల.
సిస్టర్ కనిపెట్టి నోరు తెరవబోయింది.
ఆదిమూలం గారు సూదుల్లేని చెయ్యి
కొంచెం పైకెత్తారు, ఉండమన్నట్టు.
నవ్వాల్సిన చోట నవ్వారు,
ఈసారి యంత్రం అరవనంత మెల్లిగా.

దిగేముందు అడిగారు:
"ఏమి, ఇంకా చెప్పలేదా వాడు?"