గిలాబు

దేవరకొండ రోడ్డు మీద
ఆరంతస్తులు లేసినంక
పరంజి కట్టెలు ఇప్పుకొని పోయిండ్రు.
గిలాబు లేదు, సున్నం లేదు.
సెంట్రింగ్ పలకల గీతలు గీతలోలెనే,
గోడంత బొక్కలు, బొక్కలల్ల ఆకాశం.

"పైసలొడిసినయా సేటుకు?" అన్నడు
సైకిళ్ల దుకాణం మహమూద్.
"కాదంట, గిదే ఫ్యాషనంట!"
నల్లగొండ పడి పడి నవ్వింది.
జైలన్నరు. కోళ్ల ఫారమన్నరు.
లతీఫ్ సాబ్ గుట్టను మింగిందని
దామోదర్ సారు పేపర్ల రాసిండు.

అందరికంటె ఎక్కువ నేనే తిట్టిన.
ముప్పయ్యేండ్ల సంది గిలాబు మేస్త్రిని.
మా తాన గిలాబు లేని ఇల్లంటే
బోరు ఎండిన ఏడు, అప్పు పుట్టని ఏడు,
తలుపు కాడ గోనెసంచి కట్టుకున్న ఏడు.
ఆ ఏండ్లు కనవడకుండ కప్పుడే నా పని.
ఇంజినీరమ్మ ఎవరో గాని
లేనోళ్ల సిగ్గును తెచ్చి
ఉన్నోళ్లకు అమ్మిందనుకున్న.

ఆటోలోళ్లు "జైలు, జైలు" అని పిలుసుడు షురూ జేసిండ్రు.
పాల ప్యాకెట్లు జైలుకు, గ్యాస్ బండ జైలుకు,
కాన్పయి వచ్చిన పసిగుడ్డు గూడ జైలుకే.
ఆ మాటల నవ్వు
ఎప్పుడు రాలిపోయిందో తెల్వదు.

ఎండకాలం కరెంటు పోయిన రాత్రి
ఎదురుంగ రంగుల బిల్డింగోళ్లు
టవళ్లు ఊపుకుంట మెట్ల మీద కూసుంటే
జైలు బొక్కలల్లకెళ్లి గాలి ఈల ఏసుకుంట పోయేది.
నేను గూడ విన్న. ఎవరికీ చెప్పలే.

పందొమ్మిది వానలకు
గోడ మీద గోధుమ చారలు దిగినయి,
అచ్చం మా పండ్ల మీద ఉన్నట్టే.
జామపండ్ల బుగ్గమ్మ చూపిచ్చి నవ్వింది, ఆమెకూ చారలే:
"మన నీళ్లు తాగింది. ఇగ యాడికి పోతది?"

మొన్న అసోసియేషనోళ్లు పిలిచిండ్రు.
గిలాబు జేసి బాదం రంగెయ్యాలె, రేటు చెప్పమని.
గేటు కాడ లొల్లి.
ముడితే ఊకోమని అడ్డం నిలవడ్డది ఎవరంటే
చేతికర్రతోని దామోదర్ సారు.
"మరి గుట్ట?" అన్న.
"గుట్ట పోనే పోయింది. ఇది గూడ పోవాల్నా?"

మూడో అంతస్తు మెట్ల మలుపుల
కొలుద్దామని చెయ్యి ఆనిచ్చిన.
కట్టె నార అచ్చు. ఒక మేకు గుర్తు.
పక్కన, పచ్చి మీద ఎవరో ఆనుకున్న
నాలుగు వేళ్లు. ఐదోది లేదు.
నేను జేసిన గోడలల్ల
నా వేళ్లు ఏడున్నయి?
తాపీతోని రుద్ది రుద్ది నేనే తుడిచిన.

కిందికొచ్చి రేటు చెప్పిన,
మామూలు దానికి మూడింతలు.
"గింతనా మేస్త్రీ!" అన్నరు.
గంతే అన్న.

నచ్చిందా అంటే, నచ్చలే.
గిప్పటికీ దాని ముంగటికెళ్లి నడిస్తే
నా కుడిచెయ్యి ఊకెనే
గాలిని సాపు జేస్తది.