ఏమీ మొలవని పళ్ళెం

జహ్రా ఆస్పత్రి నేలమాళిగలో
నా బల్లకి కిటికీ లేదు.
ఋతువుల్ని నేను పళ్ళేల మీద చూసేవాణ్ణి.

అరచేయంత పళ్ళెం, నెత్తురు కలిపిన అగర్,
దానిమీద రాత్రికి రాత్రి లేచే చుక్కలు,
నడుమ నొక్కుకుపోయి, అంచు పొంగి,
అరిగిపోయిన క్యారమ్స్ బిళ్ళల్లా.
వాటి చుట్టూ పచ్చటి మసక.
అది కనపడితే పైన చలికాలమని లెక్క,
ఎడారిలో గుడారాలు లేచాయని,
మంట చుట్టూ పిల్లలు దగ్గుతున్నారని.

మాది నందలూరు పక్కన. వేరుశనగ.
విత్తింది మొలవని ఏడు
మా నాయన గట్టున కూర్చుని
మట్టిని వేలితో కెలికి కెలికి చూసేవాడు,
గింజ ఏమైందో చెప్పమన్నట్టు.
ఆ ఇంటినుంచి వచ్చినవాణ్ణి,
ఇక్కడ చుక్క మొలిచినప్పుడల్లా
చేతులు చల్లబడటం నేర్చుకున్నాను.

ఒక జనవరిలో గొట్టం వచ్చింది.
పసివాడి వెన్నులోంచి తీసిన నీరు.
తేటగా ఉండాల్సింది
గంజిలా ఉంది.
చీటీ మీద ఫవాజ్, పదకొండు నెలలు.
సూక్ష్మదర్శిని కింద ఊదారంగు జంటలు,
ఎటు జరిపినా జంటలే.
పైకి ఫోన్ చేసి "ఉంది" అన్నాను.
ఆ మాటకి అంత బరువుందని
అప్పటిదాకా తెలీదు.
మూడో రోజు వాడి పేరుతో గొట్టం రాలేదు.
బతికాడనో పోయాడనో
నేలమాళిగకి ఎవరూ చెప్పరు.
గొట్టాలు ఆగిపోతాయి, అంతే.

టీకా మొదలైన సంగతీ ఎవరూ చెప్పలేదు.
రిజిస్టరు చెప్పింది.
ఒక చలికాలం పేజీ నిండలేదు.
మరుసటేడు సగం దగ్గరే ఆగింది.
ఆపైన వారాల తరబడి పళ్ళేలు
కడిగిన గచ్చులా, ఎర్రగా, నున్నగా.
మొదట నా మీదే అనుమానం.
అగర్ చెడిందా, పెట్టెలో వేడి తప్పిందా అని
ఫ్రీజర్లో దాచిన పాత క్రిమిని తీసి గీశాను.
దొంగముండ, తెల్లారేసరికి మొలిచి కూర్చుంది!
పళ్ళెం మంచిదే.
పిల్లలే రావడం లేదు.

ఓబులమ్మది రాయచోటి.
సేఠు ఇంటి పాప ఘనీమాని
రెండో నెలా, నాలుగో నెలా, ఆరో నెలా
క్లినిక్‌కి ఎత్తుకుపోయింది తనే.
"సూది దానికి, కండ్లు మూసుకునేది నేను"
అంటుంది శుక్రవారం టీ తాగుతూ.
యాభై దాటింది, చక్కెర ఉంది,
ఆమెకి ఏ సూదీ ఎవరూ వేయలేదు.
అయినా రెండు చలికాలాలుగా
ఆమె ఊపిరిలో పిల్లికూతలు లేవు.
కారణం ఇదేనని ఒట్టేసి చెప్పలేను.
కానీ మెడ చుట్టూ చేతులేసి
చెంపకి చీమిడి పూసినప్పుడల్లా
ఆ పాప తనకి ఏం అంటించడం లేదో
ఓబులమ్మకి తెలీదు.

గెలిచామని రాయను.
మొన్ననే ఒక చుక్క లేచింది,
అదే నొక్కు, అదే పచ్చన,
టీకాలో లేని రకమట.
ఒక ముసలి కాపలాదారు నెత్తురు.
కోటు విప్పబోతున్నవాణ్ణి
మళ్ళీ గుండీలు పెట్టుకున్నాను.

మిగతా పళ్ళేల మీద రోజూ ఒకటే మాట రాస్తాను:
"పెరుగుదల లేదు."
అందులో ఎందరున్నారో లెక్క తేలదు.
రాని గొట్టానికి చీటీ ఉండదు,
జబ్బుపడని బిడ్డ
ఏ పేరుతోనూ నా బల్ల మీదికి రాదు.

డ్యూటీ దిగి బస్టాపులో నిలబడితే
ఇసుకబళ్ళ మీద కుర్రాళ్ళు
దుమ్ము రేపుకుంటూ పోతారు.
ఒక్కొక్కడి మొహం చూస్తాను.
ఫవాజ్ ఉండుంటే
ఈ పాటికి వాడికీ
మూతి మీద నూగు మొలవాలి.