పక్కింట్లో సున్నా

మా ఇంట్లో ఎక్కాలు గుసగుసగా చదువుతారు.
గోడ అవతల రత్నాకరం నిద్ర.
చిప్స్ ఫ్యాక్టరీలో రాత్రంతా బంగాళాదుంపలకి కాపలా కాసి
పొద్దున ఏడింటికి
నూనె వాసనతో సహా ఇల్లు చేరతాడు.
"ఏడెనిమిదులు యాభై ఆరు" అని
మా కువల పెదవులే కదులుతాయి,
ఎవరికీ చెప్పకూడని మొక్కులా.

బల్లారట్‌లో జులై.
కిటికీ అద్దానికి ఆవిరి పడితే
నీలాద్రి వేలితో అక్షరాలు దిద్దుతాడు.
ఠ పొట్టలో చుక్క పెట్టేసరికి
అది జారి చట్రం దాకా పోతుంది.
దాన్నే ఇవాళ్టి తెలుగు క్లాసు అని డైరీలో రాసుకుంటాను.

అన్నం బల్లకి రెండు చివర్లు.
ఇటు నా ఉద్యోగం, అటు బడి.
నడుమ ఉప్పుడబ్బా సరిహద్దు రాయి.
వడగళ్ళు పడ్డ ఊళ్ళన్నీ నా చెవిలోకి ఫోన్ చేస్తాయి.
పెంకులెన్ని పగిలాయి, కారు మీద సొట్టలెన్ని,
పాలసీ నంబరు ఎంత.
కాల్‌కీ కాల్‌కీ మధ్య నలభై సెకన్లు.
నలభై సెకన్లలో ఎంత నేర్పొచ్చో
ఏ టీచర్ల ట్రైనింగులోనూ చెప్పరు:
కప్ప గుండెకి మూడు గదులు,
లేదా
షూ లేసు ముడి, సగం వరకు.

"బడి ఊరికే ఉందిగా, ఎందుకీ తిప్పలు?"
అంటుంది పక్క వీధి సుకేశిని.
గేటు దాకా గలగల్లాడిన వాడు
గేటు దాటగానే మూగైపోయిన ఐదు నెలల సంగతి
ఆమెకి చెప్పలేదు.
మంచి బడే, పాపం.
లోపల గడియ పెట్టుకున్న పిల్లాడి తలుపు
ఎలా తట్టాలో దానికి తెలీలేదు.
నాకు మాత్రం తెలుసా?

మంగళవారం.
నాలుగు వందల రెండులోంచి నూట డెబ్బై ఎనిమిది.
"రెండులోంచి ఎనిమిది పోదమ్మా."
"పక్కింట్లో అప్పు అడుగు."
ఇది మా మూడో తరగతి పంతులమ్మ మాట,
లెక్కల కోసం ఇంగ్లీషులోకి మార్చుకున్నాను.
"పక్కింట్లో సున్నా ఉంది."

నోట మాట రాలేదు.
బుధవారం పని కోసం మంగళవారం నిద్రనీ,
నిద్ర కోసం కథల పుస్తకాన్నీ,
కథ కోసం మధ్యాహ్నపు అన్నాన్నీ
అప్పు అడుగుతూ వచ్చినదాన్ని కదా,
సున్నా ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లే.

అప్పుడు హెడ్‌సెట్‌లో ఒక దగ్గు.
మ్యూట్ నొక్కాననుకున్నాను. నొక్కలేదు.
హోర్షమ్ నుంచి మెక్‌ఫెయిల్ అనే పెద్దాయన,
గొర్రెల షెడ్డు కప్పు ఎగిరిపోయినాయన,
అంతసేపూ వింటున్నాడు.
"సున్నా దగ్గర ఆగిపోవద్దని చెప్పమ్మా పాపకి.
దాన్ని దాటి ఆ పై ఇంటికి వెళ్ళమను.
వాళ్ళు ఒక వంద ఇస్తారు.
తిరిగొచ్చే దారిలో సున్నా ఇంట్లో
తొమ్మిది పదులు దించేసి రమ్మను.
నీకు కావాల్సింది ఒక్క పదేగా!"

స్పీకర్ పెట్టాను. రూలు కాదు, తెలుసు.
కువల వేళ్ళు మడిచి, విప్పి,
"రెండు వందల ఇరవై నాలుగు" అంది, గొంతు పెంచి.
గోడ అవతల మంచం కిర్రుమంది.

నీలాద్రి కుర్చీ దిగాడు.
ఉప్పుడబ్బా దాటి వచ్చాడు.
పరాయి గొంతు వినిపిస్తే నా వీపు వెనక దాక్కునేవాడు
ఫోన్ దగ్గరికి మొహం పెట్టి అడిగాడు,
"గొర్రెలు తడిశాయా?"

"తడిశాయి నాయనా. బాగా కోపంగా ఉన్నాయి."

వాడు నవ్వాడు. అంతే.
ఇంకో మాట అంటాడేమోనని చూశాను, అనలేదు.

శుక్రవారం కంపెనీ రిపోర్టు:
వెనక పిల్లల చప్పుడు, పన్నెండు మార్కులు కోత.
ఆ కోతని కూడా కువలకి లెక్కగా ఇచ్చాను.
ఎనభైలోంచి పన్నెండు. ఈసారి అప్పు సులువే.

రత్నాకరం నిద్ర నాలుగు గంటలు, నాది అయిదు.
పై ఇల్లు ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాం.
మెక్‌ఫెయిల్ గారి కప్పు
ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.