పట్టుకున్న చెయ్యి

మార్టేరు ల్యాబులో
దాళ్వా వరి ఆకు మీంచి పొర ఒలిచి
గాజుపలక మీద పరిచాను.
నడుము సన్నని రెండేసి రోకళ్లు, పక్కపక్కన,
మధ్యలో సన్నటి సందు.
ఆకు ఊపిరి తీసేది అందులోంచే.

అబ్సిసిక్ ఆమ్లం ఒక్క చుక్క.
గడియారం చూస్తూ కూర్చున్నాను.
రోకళ్లు గాలి తీసినట్టు చిక్కి
సందు మూసుకుంది.

పుస్తకంలో ఇది రెండు పేజీల బాణాలు.
నాకు మాత్రం మా నాన్న.

కైనేజ్‌కి పని రాక కాదు.
ఫాస్ఫేటు ముద్ర దాని చేతిలోనే ఉంటుంది,
తన ఒంటి మీద తనే వేసుకోగలదు.
వేసుకున్నదల్లా చెరిపేస్తూ
దాని ఒళ్లో చెయ్యి పెట్టి కూర్చుంటుంది ఇంకో ప్రొటీను.
నేల ఎండితే పుట్టే ఆ ఆమ్లం
కైనేజ్ దగ్గరికి అసలు వెళ్లదు.
ఒక గ్రాహకం గుప్పిట్లో దూరుతుంది.
ఆ గుప్పిట ముడుచుకుని
చెరిపే చేతిని పట్టుకుంటుంది.
అంతే.

నాన్న ఏసుపాదం, కాలువ మీద లస్కరు.
తూము చక్రం తిప్పే రెంచి మొలకి వేలాడేది.
నీటి వంతు శివారుదని కాగితం చెప్పిన రాత్రి కూడా
ఎగువ కామందు మనిషి తాతబ్బాయి
షట్టరు పక్కనే దుప్పటి పరిచేవాడు.
నాన్న రెంచి పెడితే లేచి తీసేవాడు.
పెడితే తీసేవాడు.

మొగల్తూరు దిక్కు నుంచి నూకరత్నం వచ్చింది,
పాలుపోసుకోని వెన్నులు కొంగున ముడేసుకుని.
నాన్నని ఒక్క మాట అడగలేదు.
తాతబ్బాయి పక్కన చతికిలబడి
చుట్ట వెలిగించి ఇచ్చింది.
"నీకు మొదటి పాలు నేనిచ్చానురా,
మీ అమ్మ జొరంతో పడుంటే" అంది.
వాడి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

చక్రం కిర్రుమన్నది వాడికి వినబడింది.
లేవలేదు.

తెలుసు, అక్కడ తలుపు లేచింది,
ఇక్కడ ఆకు తలుపు పడింది,
నా పోలిక ఒంటికాలి మీద నిలబడింది.
పైగా తెల్లారాక ఆకుకి మెమో రాదు.
నాన్నకి వచ్చింది.

స్లైడు కడుగుతున్నాను.
ఆమ్లం జారిపోతే గుప్పిట వదులవుతుంది,
కైనేజ్ ఒళ్లోకి మళ్లీ ఆ చెయ్యి.
నూకరత్నం చేను ఆ ఏడు
ఎకరానికి పదమూడు బస్తాలు.
ఇన్ని అంకెలు మర్చిపోయాను గానీ
అదొక్కటీ నోట్లోనే ఉంది.