చొక్కా లేని జేబు

గురువారం నాకు రెండో షిఫ్టు.
పొద్దున్నే వూచ్ నగరం మీద వాన,
ట్రాము తీగల వెంట నీటిబొట్లు
ఎవరో తీరిగ్గా వేసిన టాకాల్లా.

వంటింటి బల్ల మీద రొట్టెపొడి తుడిచేసి
లూచ్నిక్‌ని మోసుకొస్తాను.
ఇనుప మిషను. ఈతకొచ్చిన దూడంత బరువు.
లూచ్నిక్ అంటే మా భాషలో విలుకాడు.
రాదోమ్‌లో తుపాకులు చేసిన ఫ్యాక్టరీయే దీన్నీ చేసింది.
మా పెద్దమ్మ ఓటీలియా చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది.
ఇన్నేళ్ళలో ఇది గాయపరిచింది
నా చూపుడువేలినొక్కదాన్నే.

పనిలో నేను కారు సీట్లకి తొడుగులు కుడతాను.
వెనక సీటు, ఎడమ అంచు. అంతే.
కుడి అంచు ఎవరు కుడతారో ఇప్పటికీ తెలీదు.
ఒక్కో అంచుకి యాభైరెండు సెకన్లు.
యాభైమూడో సెకనుకి
నా తల మీది దీపం పసుపురంగుకి మారుతుంది.
పదకొండేళ్ళు.
ఎవరెవరో నా కుట్టుకి వీపు ఆనించి
సముద్రానికో, ఆస్పత్రికో, కోర్టుకో
వెళ్ళొచ్చే ఉంటారు.

ఇక్కడ ఏ దీపమూ లేదు.
గోడగడియారాన్ని గోడకేసి తిప్పేస్తాను.
అది అలిగిన పిల్లలా
వెనక్కి తిరిగే టిక్కుటిక్కుమంటుంది.

ఇవాళ జేబు కుడుతున్నాను.
ఒట్టి జేబు.
దానికి చొక్కా లేదు, కోటు లేదు.
పైన ఆవపిండి రంగు కార్డురాయ్,
లోపల పాత దిండు గలీబు చించి తీసిన నీలిచారల అస్తరు,
మూతకి ఒక్క కాజా.

మొదటిది పొరపాటున పుట్టింది.
కింగాకి స్కర్టు కుడదామని జేబుతో మొదలెట్టాను.
"షాపుల్లో దొరుకుతాయిగా అమ్మా" అంది ఫోన్లో.
స్కర్టు ఆగిపోయింది.
జేబు ఆగలేదు.

సూది కోసం సోదికెళ్తే అన్నట్టు
చక్కెర కోసం దిగొచ్చిన పై వాటా గెనొవేఫా
నా సొరుగులో ఉన్నవన్నీ చూసేసింది.
"ఇన్ని జేబులు ఎవరికి?"
"ఎవరికీ కాదు."
"శనివారం సంతలో పెడతావా?"
"లేదు."
"పోనీ, రేపు పుట్టబోయే మనవలకి?"
"కింగాకి పిల్లలు వద్దట."
గిన్నెడు చక్కెర పట్టుకుని నిలబడి
నాకు జ్వరమేమో అన్నట్టు చూసింది.
వెళ్ళబోతూ మాత్రం
ముదురాకుపచ్చ ఉన్ని జేబులో చెయ్యి పెట్టింది.
కాసేపు తియ్యలేదు.

జవాబు తెలీక కాదు.
చెప్తే చిరుగుతుందేమోనని.
గుడ్డ మూలకి వచ్చినప్పుడు
సూదిని లోపలే దింపి ఉంచి
పాదం ఎత్తి, గుడ్డ తిప్పి,
మళ్ళీ పాదం దించుతాం చూడండి,
ఆ లిప్తలో
ఒంటికాలి మీద కొంగలా నిలబడుతుంది లోకం.
అప్పుడు నన్నెవరైనా పేరు పెట్టి పిలిచినా
పలకను.

పదకొండున్నరకి ఆఖరి కుట్టు పడింది.
వెలుతురుకి ఎత్తి చూశాను.
వంక పెట్టడానికి లేదు.

ఫ్యాక్టరీలో కుట్టు విప్పడమంటే
తప్పు ఒప్పుకోవడం.
నెలాఖరు చీటీలో ఆ మేరకు అంకె తగ్గుతుంది,
జ్బీహ్నెవ్ కనుబొమలు ఆ మేరకు పైకి లేస్తాయి.

ఇంకా బోలెడు పొద్దుంది.
చిన్న కత్తెర తీసుకుని
ఏ తప్పూ చెయ్యని ఆ కుట్టుని
అడుగునుంచి ఒక్కో పోగే విప్పేశాను.
ఒళ్ళో దారం ఉంగరాలు తిరిగింది.
ఆవపిండి గుడ్డ మీద
సూది నడిచిన చుక్కలు వరసగా.
దారం పోయినా దారి ఉంది.

బొబ్బిన్ నిండా కొత్త దారం,
ఈసారి ఎరుపు.

కింద పదకొండో నంబరు ట్రాము
గంట కొట్టి వెళ్ళిపోయింది.
ఇంకోటి వస్తుంది.